చిమ్మిలి ఉండ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆడపిల్ల పెద్దమనిషైతే ఇంటిల్లిపాదికీ చేతినిండా పనే. కొబ్బరి మట్టలు కోసి వాకిట్లో పందిరి వేస్తారు. అమ్మమ్మ నువ్వులు దోరగా వేయించి, బెల్లంతో రోట్లో దంచి చిమ్మిలి ఉండలు చేస్తుంది. మిక్సీలో వేస్తే ఆ రుచి రాదంటుంది, నాదీ అదే మాట. మేనమామ ఓణీ తెస్తాడు.

పిల్ల ఎదిగిందని వేడుక చేసేది మనమొక్కరమే కాదు. యూదులు పన్నెండేళ్లు నిండిన పిల్లకు బాత్ మిత్స్వా అనే వేడుక జరుపుతారు. 1922లో న్యూయార్క్‌లో జుడిత్ కప్లాన్ అనే అమ్మాయి ప్రార్థనా మందిరంలో అందరి ముందూ వాళ్ల పవిత్ర గ్రంథమైన తోరాలో ఒక భాగం చదివింది. అక్కడ పిల్ల నిలబడి చదివితే, ఇక్కడ పిల్ల తలొంచుకుని కూర్చుంటుంది.

చిమ్మిలి పెట్టండి, ఓణీ వేయండి. వేడుక అయిన మర్నాడే అమ్మాయిని బడికి పంపండి.