యోహాను, ఇవాను

గత మాసమున మిర్యాలగూడ దాపున, సాగరు ఎడమ కాలువ క్రింది పల్లెకు ఒక శిశు ప్రతిష్ఠ నిమిత్తము వెళ్లితిమి. ఇంటి పెద్ద యోహానుగారు అరుగు దిగి రాలేదు. మనుమనికి ‘ఇవాన్’ అని పేరు నిర్ణయించిరట. “నా పేరు నాతోనే పోతది అయ్యగారూ” అని కన్నీరు పెట్టుకొనిరి.

మేము ఆయన ప్రక్కనే కూర్చుండి లూకా సువార్త మొదటి అధ్యాయము తెరచితిమి. అక్కడ చుట్టములు బిడ్డకు తండ్రి పేరే పెట్టబోయిరి. ఎలీసబెతు ఒప్పుకొనలేదు. మాట పడిపోయిన జెకర్యా పలక అడిగి యోహాను అనియే వ్రాసెను. హెబ్రీలో అది యోహానాను, అనగా యెహోవా కృప చూపెను. యిర్మీయా గ్రంథములో కారేహ కుమారుని పేరు మన తెలుగు బైబిలులోను ఆ రూపముననే యున్నది. గ్రీకులో అది యోఅన్నేస్ ఆయెను. జర్మనులు దానిని హాన్స్ అని కురుచ చేసిరి. ఇటలీలో జొవాన్ని, స్పెయినులో హువాన్, ఇంగ్లీషులో జాన్. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు ఒంగోలు మిషనుకు పెద్దయైన క్లౌ దొరగారి పేరును జానే. రష్యావారి నోట అదే ఇవాన్. ఆ రష్యాలోని మెన్నొనైటు సంఘములే ఒకప్పుడు మన నల్గొండకు మిషనరీలను పంపినవి.

తలిదండ్రులకు ఈ సంగతి తెలియదు. వినుటకు ఇంపుగా నున్నదని ఎంచుకొనిరి. తాతను ఒక్క మాట అడుగకపోవుట తప్పేనని వారితో చెప్పితిమి.

పెద్దాయన చాలసేపు పలుకలేదు. పిమ్మట బిడ్డను ఒడిలోనికి తీసికొని, చివర ఉకారము చేర్చి, “ఇవానూ” అని పిలిచిరి.