రోగిశయ్య యొద్ద ఆరాధన

దేహము రోగములకు నిలయమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట ఆరోగ్యవంతుని నోట సులభముగ వెలువడును. రోగి చెంత రాత్రులు మేలుకొనువానికి మాత్రమే దాని భారము తెలియును.

ఉత్తర, మధ్య అండమాను జిల్లాకు కేంద్రమైన మాయాబందరులో ఒక తెలుగు ఇంటిని తలంచుకొందము. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి ఆ దీవులకు వెళ్ళి స్థిరపడినవారు అనేకులు. ఇంటిపెద్దకు ఆకలి మందగించినది. కొంచెము తినినను కడుపు నిండినట్లుండెడిది. అజీర్ణమని అందరును ఉపేక్షించిరి. పిదప నడుమున, రాత్రులందును విడువని నొప్పి ఆరంభమయ్యెను. జీర్ణకోశమున పుట్టిన క్యాన్సరు ఎముకలకు ప్రాకినదని వైద్యులు తేల్చిరి.

ఆ స్థితిలో వ్యాధి సమూలముగ తొలగుట సాధారణముగ సాధ్యము కాదు. కాని చేయదగినదేమియు లేదనుట సత్యము కాదు. క్యాన్సరు నొప్పికి క్రమముగ మందులిచ్చి, అవసరమైనచో మార్ఫీను వరకును పోవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే సూచించినది. ఎముక నొప్పికి రేడియేషను చికిత్స అనేకులకు ఉపశమన మొసగును. కాళ్ళు బలహీనపడినను, తిమ్మిరెక్కినను వెన్నుపాము నొక్కుకొనుచున్నదేమో యని తక్షణమే వైద్యునికి చూపవలెను.

అప్పుడొక బంధువు, “ఇది ప్రారబ్ధము, అనుభవింపక తీరదు. సముద్రము దాటి చికిత్సకు పోనేల? మత్తుమందు లేల?” అనును. సోదరులారా! కర్మసిద్ధాంతము మనలను మనము దిద్దుకొనుటకే కాని, పరుల బాధపై తీర్పు చెప్పుటకు కాదు. నొప్పి అతని ప్రారబ్ధమైనచో, దానిని తగ్గించు అవకాశము మన చేతికందుట ఎవరి ప్రారబ్ధము? వ్యాధి పాపమునకు గుర్తైనచో శ్రీరామకృష్ణుల కేల వచ్చినది?

1885లో ఆయనకు గొంతు క్యాన్సరు సోకెను. ఆ డిసెంబరున కాశీపూరు తోటయింటికి చేర్చి, యువశిష్యులు వంతులు వేసికొని పరిచర్య చేసిరి. 1886 ఆగస్టు 16న గురుదేవులు దేహము చాలించిరి. ఆ రోగిశయ్య చుట్టును చేరినవారే పిదప సన్న్యాసి సంఘమైరి. అన్నము గొంతు దిగునట్లు జగన్మాతను వేడుమని నరేంద్రుడు ప్రార్థింపగా, ఇందరి నోళ్ళతో తినుచునే యున్నావు కదా యని తల్లి తెలిపెనని ఆయన చెప్పిరి.

ఈ మాట మాయాబందరు ఇంటివారికిని ఊరట. తినలేనివానిని తినుమని నిర్బంధింపకుడు. పెదవులు తడుపుడు, వేళకు మందిండు, మెల్లగ ప్రక్కకు త్రిప్పుడు, అడిగినచో సత్యము మృదువుగ చెప్పుడు. పిదప నామము వినిపింపుడు. నొప్పి తగ్గిన మనస్సే నామమును నిలుపుకొనగలదు. ఆ యింట ఆనాటి పూజ అదియే.