గ్రహణ దర్శనము – సన్నాహ ధర్మము

అపూర్వమైన ప్రకృతి దృశ్యము ఎదురైనపుడు మానవుడు రెండు విధములుగా వర్తించుచుండును. తలుపు మూసికొని లోపల కూర్చుండుట ఒకటి. ముందుగా దినము, స్థలము తెలిసికొని దాని యెదుటికి ప్రయాణమై పోవుట మరియొకటి. సంపూర్ణ సూర్యగ్రహణము విషయమున ఈ రెండింటిలో లింగధారికి తగినది ఏది?

1980 ఫిబ్రవరి 16వ తేది, మాఘ బహుళ అమావాస్య నాడు, చంద్రుని పూర్ణచ్ఛాయ దక్షిణదేశము మీదుగా సాగిపోయినది. రాయచూరు, నల్లగొండ, ఖమ్మము ప్రాంతములు ఆ దారిలో నున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూరు వేధశాలయు ఆ ఛాయలోనే యుండెను. నల్లచెరువు ఆ దారికి దక్షిణమున మిగిలిపోయినందున అచ్చట పాక్షిక గ్రహణమే కనబడెను. అనంతపురము, గుంతకల్లు మీదుగా రాయచూరు ఒక దినములో చేరదగిన ఊరే. ఐనను ఆనాడు ప్రయాణమైనవారికంటె తలుపులు మూసికొన్నవారే అధికులు. అనేక పట్టణములలో పట్టపగలే వీథులు నిర్మానుష్యములైనవి. వాకిటికి వచ్చిన దృశ్యమును వాకిలి మూసి పంపివేసినట్లయినది.

ఇంటి ముంగిట పాక్షికముగా కనబడునపుడు అంతదూరము పోవుట ఎందులకని కొందరందురు. సూర్యబింబములో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు మరుగైనను, మిగిలిన ఒక్క పాలు వెలుగే ఆకాశమును పగలుగా నిలుపగలదు. ఆ ఒక్క పాలును మరుగైన పిదపనే సూర్యుని చుట్టు నున్న తెల్లని కాంతివలయము కనబడును, నక్షత్రములు తోచును. కావున ఛాయ నడచు దారిలోనికి పోయి నిలుచుట తప్ప వేరు మార్గము లేదు.

ఇట్లు దారి వెదకికొని వచ్చినవారు తెలుగుదేశమునకు క్రొత్త కాదు. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ గ్రహణమును చూచుటకై ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సముద్రములు దాటి గుంటూరు చేరెను. సూర్యుని అంచున లేచు జ్వాలలను వర్ణపటములో పరిశీలించి, గ్రహణము లేనపుడును వానిని చూడవచ్చునని గ్రహించి, మరునాడే చూచెను. ఆ ఏటి పరిశీలనలలో తెలియవచ్చిన పసుపు గీతయే హీలియమను మూలకమునకు తొలి జాడ. భూమిపై అది 1895లోగాని దొరకలేదు. కొన్ని నిమిషముల దృశ్యమునకై నెలల తరబడి సన్నాహము చేసినవాని శ్రమ వృథా కాలేదు.

మన గ్రామములలో గ్రహణము పట్టగానే రోకలి నిలబెట్టుట, ఊరగాయ జాడీలపై గరిక వేయుట, గర్భిణిని చీకటిగదిలో ఉంచుట వాడుకలో నున్నవి. ఇష్టలింగమును దేహముపై ధరించినవారికి జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను పంచసూతకములు లేవని వీరశైవాచారము చెప్పుచున్నది. అట్టివారికి ఒక నీడవలన మైల ఎట్లు కలుగును? క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు గ్రహణము నీడయేనని తెలిపెను. గ్రహణవేళ అనేక ఆలయములు మూయబడినను శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధి తెరచియే యుండును. గ్రహణపు నీడ గర్భమును తాకునను మాటకు ఆధారము లేదు. కాని గర్భిణిని గంటల తరబడి అన్నము, నీరు లేక ఉంచుట ఆమెకు మేలు కాదు.

భయము విడుచుట యనగా జాగ్రత్త విడుచుట కాదు. మసిపూసిన గాజుముక్క, ఎక్స్‌రే ఫిల్ము, పళ్లెములోని పసుపునీళ్లు కంటికి రక్ష కావు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణమునకు సరిపోవు కళ్లద్దములే ధరింపవలెను. బింబము పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషములు మాత్రమే వానిని తీయవచ్చును. వెలుగురవ్వ తొంగిచూచిన తక్షణమే మరల ధరింపవలెను. అట్టకు సూదిరంధ్రము చేసి, నేలపై పడు బింబమును పిల్లలకు చూపుట నిరపాయమైన పద్ధతి.

2027 ఆగస్టు 2వ తేదీనాటి గ్రహణము ఈజిప్టులోని లక్సరు ప్రాంతమున ఆరు నిమిషములకు పైగా సంపూర్ణముగా నుండును. భారతదేశమున మరల సంపూర్ణ గ్రహణము 2034 మార్చి 20న, అదియు ఉత్తరపు కొసనున్న లడఖ్ ప్రాంతమున మాత్రమే. 2009 జూలై 22న బీహారులోని తారేగణకు వేలాదిగా వెళ్లినవారికి వానకాలపు మబ్బులే కనబడినవి. కావున ఛాయ దారితోపాటు ఆ ఋతువులో ఆకాశస్థితిని కూడ విచారింపవలెను. ఇన్ని చేసినను మబ్బు అడ్డము రావచ్చును; అందులకు మనస్సును సిద్ధపరచుకొనుటయు సన్నాహములో భాగమే.

ఇక వ్యయము మాట. అప్పు చేసి, ఇంట ఒకరి మందునో, పిల్లల చదువునో ఆపి పోవుట ధర్మము కాదు. కాయకమున ఆర్జించినదానిలో కొంచెము కొంచెముగా కూడబెట్టి పోవుట తగును. ఇంటిలో అవ్వ వలదన్నచో ఆమెను ఎగతాళి చేయరాదు. ఆమె భయము బిడ్డలమీది మమత వలన పుట్టినది. నీడ సంగతి ఆమెకు ఓర్పుతో చెప్పవలెను. అప్పటికిని ఒప్పక లోపలనే ఉందునన్నచో, అది ఆమె యిష్టము. గర్భిణియైన కోడలిని పస్తుంచుటకు మాత్రము ఎవరికిని అధికారము లేదు.

వెళ్లి చూచినవారు ఆ అనుభవమును తమయొద్దనే దాచికొనరాదు. ఊరికి మరలి వచ్చి బడిలోను, మఠప్రాంగణములోను పదిమందికి విప్పిచెప్పినచో అదియు దాసోహమే. మరుసటి గ్రహణమునాటికి నల్లచెరువు వంటి ఊళ్లలో మూసిన తలుపులలో కొన్నియైనను తెరచుకొనును.