ఇంటికి వెల చెప్పునప్పుడు

ధ్యాన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము; సామెతలు 20:14; లేవీయకాండము 25:14



మన కొత్తపేటలోను చుట్టుపట్ల గ్రామములలోను ఇల్లు కొనుట అనునది అనేక కుటుంబములకు జీవితములో ఒక్కమారు జరుగు పని. కూలి చేసి, కొబ్బరికాయలు అమ్మి, కువాయిట్ వెళ్లిన బిడ్డలు పంపిన సొమ్ము కూడబెట్టి ఆ దినము కొరకు కనిపెట్టుదుము. ఇల్లు చూచి వచ్చిన రాత్రి ఇంటిల్లిపాది కూర్చుండి, "ఎంతకు అడుగుదము?" అని ఆలోచింతుము. ఇది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు. దేవుని సన్నిధిని తేల్చుకొనవలసిన ప్రశ్న.

బేరమాడుట పాపమా? కాదు. గోడలకు చెమ్మ పట్టియుండవచ్చును, దూలములకు చెదలు పట్టియుండవచ్చును. గోదావరి పాయల నడుమ నున్న మన సీమలో పాత ఇల్లు కొనువాడు, 1986 ఆగస్టు వరదకు నీరు ఎంతవరకు వచ్చినది, 1996 నవంబరు తుఫానుకు పైకప్పు నిలిచినదా అని అడుగుట వివేకమే. ఉన్న లోపమును చెప్పి వెల తగ్గించుమని అడుగుట సత్యము. లేని లోపమును కల్పించుట అబద్ధము. సామెతల గ్రంథకర్త ఈ రెండవ మనుష్యునే మన కన్నుల యెదుట నిలుపుచున్నాడు: అమ్మువాని యెదుట వస్తువును చులకన చేసి, వీధి మలుపు తిరుగగానే చవుకగా దక్కెనని అతిశయించువాడు. మనలను మనము ఇట్లు పరీక్షించుకొందము: రేపు మనమే ఆ యింటిని అమ్మవలసివచ్చినచో, నేడు చెప్పిన లోపమును అప్పుడును చెప్పుదుమా?

లోకపు చట్టము సహితము ఈ సత్యమును కొంతవరకు కోరుచున్నది. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, కంటికి కనబడని ముఖ్యమైన లోపమును అమ్మువాడు దాచరాదు. కొనువానికిని అందులో బాధ్యత కలదు. తన హక్కు ఎంతవరకు ఉన్నదో అమ్మువారు ఎరుగక, కొనువాడు మాత్రము ఎరిగి, దానివలన వెల బాగుగా హెచ్చునట్లయితే, ఆ సంగతి అతడు చెప్పవలెను. చదువురాని విధవరాలికి పెరటి స్థలము కూడ తనదేనని తెలియనియెడల, కాగితములు చూచిన మనము మౌనముగా నుండుటకు వీలులేదు.

అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు మక్పేలా గుహను కొనెను. ఎఫ్రోను చెప్పిన నాలుగు వందల తులముల వెండిని హేతు కుమారులు వినుచుండగా తూచి ఇచ్చెను. పొలము, గుహ, చెట్లు, సరిహద్దులు అన్నియు ఆ అధ్యాయములో వ్రాయబడియున్నవి. మన దస్తావేజులలో హద్దులును కొబ్బరిచెట్లును వ్రాసికొనుట వంటిదే! అందులో ఒక వెల బయటికి, ఒక వెల చాటుకు లేదు. రిజిస్ట్రేషను ఖర్చు తగ్గునని దస్తావేజులో తక్కువ వ్రాయించి, మిగిలినది చేతిలో పెట్టు అలవాటు మనకు తగదు. సాక్షి సంతకము కూడ అబద్ధమునకు పెట్టిన సంతకమగును.

వెల నిర్ణయించుటకు మూడు కొలతలు పెట్టుకొందము.

మొదటిది, ఆ యింటి యథార్థమైన విలువ. ఇరుగుపొరుగున ఇటీవల సెంటు ఎంతకు పోయినదో విచారింపవలెను. ఈసీ తీయించి అప్పులేమైన ఉన్నవేమో చూడవలెను. క్రైస్తవుడు వీలునామా లేక మరణించినయెడల, 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానముగా చెందును. కుమార్తెకును కుమారునితో సమభాగమే. పెండ్లియై వెళ్లిన ఆడపడుచు సంతకము లేకుండ చవుకగా వచ్చు ఇల్లు చవుక కాదు. అది ఆమె సొమ్ము.

రెండవది, మన శక్తి. గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14లో బోధించెను. ఇంతకు మించి పోమని ప్రార్థించి, భార్యాభర్తలు ఏకమనస్సుతో నిశ్చయించుకొని వెళ్లవలెను. మరియొకడు పాట పెంచెనని పంతమునకు పోయి వడ్డీ అప్పు తలకెత్తుకొనరాదు.

మూడవది, అమ్మువాని అవసరము. ఇదే మిక్కిలి కష్టమైన కొలత. ఆసుపత్రి ఖర్చులకో, బిడ్డ పెండ్లికో ఒకడు తొందరపడి అమ్ముచున్నాడనుకొందము. రేపటిలోగా డబ్బు కావలెనని తెలిసి సగము వెలకు అడుగుట లోకమునకు తెలివి. అమ్మునప్పుడును కొనునప్పుడును ఒకని నొకడు బాధింపరాదని లేవీయకాండము ఆజ్ఞాపించుచున్నది. అతనికి ఏ తొందరయు లేనియెడల మనము ఎంత ఇచ్చియుందుమో అంతయే ఇత్తము. అంత మనయొద్ద లేనియెడల ఆ మాట నిజముగా చెప్పి, ఇయ్యగలవానిని చూపింతము. అతడు అమ్మనన్నయెడల ఊరకుందము. అహాబు కూడ నాబోతుకు మంచి వెలయే ఇయ్యజూచెను; కాదన్న మాటను ఓర్వలేకపోవుటతోనే ఆ రక్తాపరాధము మొదలాయెను.

ఆలోచించుడి: సగము వెలకు ఇల్లు పోగొట్టుకొన్న సహోదరియు, దానిని కొన్న సహోదరుడును ఆదివారము ఒకే బల్లయొద్దకు వత్తురు. ఒకే రొట్టెలో పాలుపుచ్చుకొందురు. ఆమె ముఖము చూడలేనివానికి ఆ యింటిలో నిద్ర ఎట్లు పట్టును?

మనమును వెలపెట్టి కొనబడినవారమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. మనయందు లోపములు కల్పింపనక్కరలేదు. నిజమైనవే కొల్లలుగా నున్నవి. అయినను ప్రభువు వాటిని చూపి వెల తగ్గింపలేదు. తన రక్తమంతయు ఇచ్చెను. అట్టి ప్రభువు మన గుమ్మములో ప్రవేశించునప్పుడు సిగ్గుపడనక్కరలేని వెలకే ఇల్లు కొందుముగాక. ఆమేన్.