దైవకృపయు మానవ ప్రయత్నమును: క్రైస్తవుల వివాద మొకటి

ఈశ్వరుడు సర్వజ్ఞుడు, జరుగబోవునదెల్ల నాతనికి ముందే తెలియును. సర్వశక్తుడు, ఆతని యిచ్ఛ లేక గడ్డిపోచయైనను కదలదు. అట్లైనచో నొకడు తరించుటయు వేఱొకడు చెడుటయు నాతడు ముందే నిర్ణయించినవి కావలయును. ముందే నిర్ణయించి, చెడినవానిని శిక్షించుట యే న్యాయము? కాదు, తరించుటయు చెడుటయు మానవుని చేతిలోనివే యన్నచో ఇక కృపకు పని యేమి? ఈ చిక్కుముడితో క్రైస్తవ పండితులు 1600 సంవత్సరములుగా పెనగులాడుచున్నారు. పరమతస్థుల తగవు మన పత్రికలో నెందులకని కొందఱు పాఠకులు తలపవచ్చును. ఆ తగవును చదువుచుండగా నాకు మన యింటి సంగతి యొకటి తోచినది. అందులకే యీ వ్యాసము.

ఇరుపక్షములవారికిని మూలము పౌలు. రోమీయులకు వ్రాసిన పత్రికలో నాతడు కుమ్మరిని, మట్టిని దృష్టాంతముగా దెచ్చి, కుండ తన్ను చేసిన కుమ్మరిని నిలదీయజాలదను భావము వెలిబుచ్చెను. ఫిలిప్పీయులకు వ్రాసినప్పుడు, మీ రక్షణకై మీరే భయభక్తులతో పాటుపడవలయుననియు, అట్లు పాటుపడునట్లు మీలో పనిచేయువాడు దేవుడే యనియు రెండింటిని నొక్క యూపిరిలో చెప్పెను. ఆ యూపిరిని తరువాతివారు రెండుగా కోసిరి.

కోతకు కారకులు ఇద్దఱు. అగస్టీను 354వ సంవత్సరమున ఉత్తరాఫ్రికాలో, నేటి అల్జీరియా దేశభాగమున, జన్మించెను. యౌవనమున నింద్రియములకు లోబడి, విడువవలయునని తెలిసియు విడువలేక యేండ్ల తరబడి క్షోభించెను. తుదకు విడిచిన నాడు 'నేను విడిచితిని' యని యాతనికి తోపలేదు, విడిపింపబడితినని తోచెను. హిప్పో నగరమునకు బిషప్పైన పిదప తన కథను 'కన్ఫెషన్స్' అను గ్రంథముగా వ్రాసెను. అందొక ప్రార్థనలో, ఆజ్ఞ నీదే, దానిని నెఱవేర్చు శక్తియు నీవే యీయవలయునను తాత్పర్యము కలదు.

బ్రిటన్ ద్వీపమునుండి వచ్చి రోము నగరమున నివసించిన పెలేజియస్ అను తపస్వి యీ ప్రార్థనను వినినంతనే సహింపలేకపోయెనని యగస్టీనే వ్రాసియున్నాడు. పెలేజియస్ దుష్టుడు కాడు. మానవ దౌర్బల్యమును సాకుగా జూపి భోగములలో తేలియాడు క్రైస్తవులను జూచి యాతనికి రోత పుట్టెను. చేయుమని యాజ్ఞాపించిన దేవుడు చేయు శక్తిని పుట్టుకతోనే యిచ్చియుండును. చేయలేనను మాట నెపము మాత్రమే. ఇది యాతని వాదము. ఉపాధ్యాయునిగా నా మనస్సు ముందీతని వైపే మొగ్గినదని యొప్పుకొందును. చదువు రానివాడు లేడు, చదువనివాడే కలడని ముప్పది యేండ్లు బల్ల గ్రుద్ది చెప్పినవాడను. చెప్పినట్లు నడచితినా యనునది వేఱు సంగతి. దానికి తరువాత వత్తును.

418లో కార్తేజి నగరమున కూడిన సభ పెలేజియస్ వాదమును ఖండించెను. అగస్టీను గెలిచెను. కాని గెలిచిన వాదమే గెలిచినవానిని నొక యిఱుకున నిలిపినది. ఆదాము పాపము పుట్టుకతోనే ప్రతి మానవునకు సంక్రమించుననియు, బాప్తిస్మమున నది తొలగుననియు నాతని సిద్ధాంతము. మఱి బాప్తిస్మమునకు మునుపే కన్నుమూసిన పసికందు మాట యేమి? తర్కమును విడువలేక, అట్టి శిశువునకును శిక్ష తప్పదనియు, అయితే యది మిక్కిలి తేలికయైన శిక్షయనియు వ్రాసెను. అంతటి హృదయము గలవాడు ఆ మాట వ్రాయునప్పుడు చేయి వణకియుండదా యని నేననుకొందును. తరువాతి పండితులు ఆ శిశువుల కొఱకు బాధ లేని వేఱొక స్థానమును, లింబో యనుదానిని, ఊహించిరి. 2007లో వాటికన్‌లోని వేదాంతుల సంఘ మా భావనను పునఃపరిశీలించి, ఆ పసివారు రక్షింపబడుదురని యాశించుటకు తగిన కారణములు కలవని ప్రకటించెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యడిగిన ప్రశ్నకు ఆ మాట చెప్పుటకు పదునాఱు శతాబ్దములు పట్టెను!

నడుమ జరిగిన వాదములు పెక్కులు. తొమ్మిదవ శతాబ్దమున గాట్‌షాల్క్ అను సన్యాసి, మోక్షమునకే కాక శిక్షకును నిర్ణయము ముందే జరిగినదని బోధింపగా, 849లో సభవారాతనిని కొరడాలతో కొట్టించి మఠమున నిర్బంధించిరి. కృపను గూర్చిన చర్చకు కొరడా సమాధాన మాయెను. 1524లో ఎరాస్మస్ మానవ స్వేచ్ఛను సమర్థించుచు, 1525లో లూథర్ దానిని ఖండించుచు గ్రంథములు వ్రాసిరి. జెనీవాలో కాల్విన్ ఆ సిద్ధాంతమును తుదిమెట్టు వఱకు నడిపించి, దేవుడు కొందఱిని నిత్యజీవమునకును, కొందఱిని నిత్యనాశమునకును నియమించెననెను. అది భయంకర నిర్ణయమే యని యాతడే యొప్పుకొనెను. ఆ నిజాయితీని మెచ్చవలసినదే.

ఇది రాజ్యములను కదలించినది హాలెండు దేశమున. లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన అర్మీనియస్, ఎవరు విశ్వసింతురో దేవుడు ముందే యెఱుగుననియు, ఆ యెఱుకను బట్టియే యాతని యెన్నిక జరుగుననియు, కృపను త్రోసిపుచ్చు స్వేచ్ఛ మానవునకు కలదనియు బోధించెను. ఆతడు 1609లో మరణించెను. మఱుసటి యేట శిష్యులు అయిదు అంశములతో నొక విన్నపము సమర్పించిరి. 1618 నవంబరు మొదలు 1619 మే వఱకు డోర్ట్ నగరమున మహాసభ సాగెను. అర్మీనియస్ పక్షమువారు అందు సభ్యులుగా గాక ముద్దాయిలుగా నిలువవలసి వచ్చినది. పూర్వనిర్ణయ సిద్ధాంతమునకు తగినట్లు తీర్పు కూడ పూర్వనిర్ణయమే! రాజకీయ వైరములును అందు కలిసినవి. సుమారు 200 మంది బోధకులు కొలువులు కోల్పోయిరి. వారికి అండయైన వృద్ధ రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ 71 యేండ్ల వయస్సున శిరశ్ఛేదమునకు గుఱి యాయెను. న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ యావజ్జీవ కారాగారమున పడి, 1621లో భార్య చాతుర్యముచే పుస్తకముల పెట్టెలో దాగి బయటపడెను. పుస్తకములు మానవుని రక్షించునని పిల్లలకు చెప్పునప్పుడు నేనీ కథను వాడుకొందును.

కాథలిక్కులలోను డొమినికన్, జెస్యూట్ సంఘములవారు ఇదే విషయమై రోములో ఏండ్ల తరబడి వాదించిరి. 1607లో పోపు అయిదవ పౌలు ఏ పక్షమునకును తీర్పు చెప్పక, ఒకరినొకరు నిందింపరాదని చెప్పి వారిని పంపివేసెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన తీర్పు, చెప్పని యీ తీర్పే.

అయితే డోర్ట్ సభ నిర్ణయములలో నన్ను ఆపివేసిన భాగమొకటి కలదు. పసితనముననే పోయిన తమ బిడ్డలు ఎన్నుకొనబడినవారే యనుటలో భక్తులైన తల్లిదండ్రులు సంశయింపరాదని యందు వ్రాసిరి. అంతటి కఠినులు కూడ నొక తల్లి యెదుటికి వచ్చునప్పటికి స్వరము తగ్గించిరి. ఏల? వ్యాకరణము చెప్పువాడను గనుక నాకిది పురుషభేదముగా తోచుచున్నది. 'నాయందు యోగ్యత లేదు, ఆతడే నన్నెత్తుకొనెను' అని భక్తుడు ఉత్తమపురుషలో పలికినచో అది వినయము. ఆ వాక్యమునే ప్రథమపురుషలోనికి మార్చి 'వానిని దేవుడే విడిచెను' అన్నచో అది క్రౌర్యము. పెలేజియస్ మాటకు మధ్యమపురుష తగును. 'నీవు చేయగలవు' అని యెదుటివానితో పలికిన ధైర్యమగును; 'నేనే చేసికొంటిని' అని తన్ను గూర్చి పలికిన గర్వమగును. అగస్టీను ప్రార్థనలో దోషము లేదు. దానిని ఇతరుల లెక్కకు వాడినచోటనే విషము పుట్టినది.

ఇంగ్లండులో జాన్ వెస్లీ 1739లో కృప యందఱికిని కలదని ప్రసంగించి, పూర్వనిర్ణయ వాదమును తీవ్రముగా ఖండించెను. మిత్రుడైన వైట్‌ఫీల్డ్ దానికి ప్రత్యుత్తరము వ్రాసెను. అభిప్రాయములు కలియలేదు. అయినను 1770లో వైట్‌ఫీల్డ్ మరణింపగా లండనులో సంస్మరణ ప్రసంగము చేసినవాడు వెస్లీయే. 1924లో ప్రతిష్ఠ జరిగిన మన మెదకు చర్చి వెస్లీ సంప్రదాయపు మిషనువారు కట్టించినదే గనుక, ఈ తగవు మనకంత దూరపుది కాదు.

ఇక మన యింటి సంగతి. శైవాగమములలో శక్తినిపాత మనునది కలదు. ఈశ్వరశక్తి జీవునిపై దిగివచ్చుట. మలము పక్వమైనప్పుడే యది జరుగునని సిద్ధాంతశైవులు చెప్పిరి. పక్వతకై కాచుకొనియుండువాడు స్వతంత్రు డెట్లగునని కాశ్మీరమున అభినవగుప్తుడు ఆక్షేపించెను. పాత తగవే, వేఱు వేషము! మనము పసిబిడ్డకు లింగధారణ చేయుదుము. ఆ శిశువేమి తపస్సు చేసెను? కృపయే ముందు, యోగ్యత తరువాత అని మన యాచారమే చెప్పుచున్నది. కాని యా బిడ్డ పెఱిగి కాయకము మాని, కృప కలదుగదా యని కూర్చుండుటకు బసవేశ్వరుడు సమ్మతింపడు. ఇంతవఱకు మన దారి చక్కనిది.

మఱి కర్మ మాట యేమి? 'నా కష్టము నా కర్మఫలము' అనుకొని యోర్చుకొనుట వేఱు. 'అంటరానివాడై పుట్టుట వాని పూర్వకర్మ' అని యొకనిని ఊరి వెలుపల నుంచుట వేఱు. ఈ రెండవ వాక్యమునే బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో త్రోసిపుచ్చెను. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడైన మధువరసయ్య తన కూతు నిచ్చెననియు, అందులకు బిజ్జలుడు ఆ తండ్రులిద్దఱిని చంపించెననియు మన సంప్రదాయము చెప్పుచున్నది. నేడు వారి పేర్లు చెప్పి జయంతులు జరుపు మన యిండ్లలో అట్టి పెండ్లి యొకటి తలపెట్టినచో నేమగునో పాఠకులే యూహింపవచ్చును. అందఱికిని తెఱువబడిన లింగధారణము, ఈ యింట పుట్టితిమి గనుక మేమే యెన్నుకొనబడినవారమను గర్వముగా మాఱలేదా? కాల్విన్‌ను నిందించు హక్కు మనకున్నదా?

తరువాత వత్తునన్న సంగతి యిది. చాల యేండ్ల క్రిందట నా తరగతిలో నొక చాకలివారి బాలుడుండెను. ఎన్నిమార్లు చెప్పినను గురువు లఘువు గుర్తింపలేడు; చూచివ్రాతలోను తప్పులే. ఒకనాడు వాని తండ్రిని పిలిపించి, 'చదువు వీని నుదుట వ్రాయలేదు, పనిలో పెట్టుకొనుము' అని బాలుడు వినుచుండగనే చెప్పితిని. తండ్రి చేతులు జోడించి వానిని తీసికొనిపోయెను. వాదింపలేదు. నేను చెప్పినది దైవవాక్యమని నమ్మెను గాబోలు.

కొన్నేండ్లకు ఆ బాలుడే పెద్దవాడై, తన కూతును ఆఱవ తరగతిలో చేర్చుటకు వచ్చెను. నన్ను గుర్తించి నమస్కరించెను. కోపముగాని, ఎత్తిపొడుపుగాని యాతని ముఖమున లేదు. పిల్లను ముందుకు నెట్టి, తెలిసినవానిని అడిగినట్లుగా, 'దీనికి చదువు వస్తదా సారూ?' అని యడిగెను. నేను దరఖాస్తుపై పిల్ల పేరు వ్రాయుచు తల యెత్తకయే, వచ్చునని చెప్పితిని.