గోళీ, కోతి, మొదటి శీలం



మా బయ్యారంలో ఆదివారం పూట ధమ్మ తరగతి పెట్టుకుంటాం. పదిహేను, ఇరవై మందిమి కూర్చుంటాం. త్రిశరణం, పంచశీలం చెప్పుకున్నాక ఎవరికే సందేహముంటే అది అడుగుతారు. ఒక ఆదివారం తరగతి అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఒక చెల్లె ఆగింది. ఆమె పేరు చెప్పను, ఏ వాడో కూడా చెప్పను. పన్నెండేళ్లుగా ఎయిడ్స్ వైరస్‌తో బతుకుతోంది. భర్త పోయాడు. ఏఆర్‌టీ కేంద్రం నుంచి తెచ్చుకున్న గోళీ రోజూ రాత్రి వేసుకుంటుంది. కూలికి పోతుంది, బిడ్డను చదివిస్తోంది.

“అన్నా, ఒక మాట అడుగుత. ఈ మందుల కోసం కోతులకు ఆ రోగం అంటించి సంపిండ్రట గదా. ఫోన్ల ఎవరో వీడియో పంపిండ్రు. పొద్దున లేసి ప్రాణం తియ్యనని శీలం చెప్పుకుంట. రాత్రి ఆ గోళీ మింగుత. నేను శీలం తప్పుతున్ననా?”

నాకు వెంటనే జవాబు రాలేదు. “నువ్వు గోళీ మాత్రం ఆపకు చెల్లె, మిగతాది వచ్చే వారం మాట్లాడుకుందాం” అని పంపించాను. నేను బీఏ చదివినవాణ్ని, డాక్టర్ను కాను. తెలిసినవాళ్లను అడిగాను, దొరికినంత చదివాను. ఆమెకు చెప్పిన సంగతులే మీకూ చెబుతున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. మందు మింగే మనందరిదీ.

ఇందులో నిజమెంత?

ఆమె విన్నది నిజమే. ముందు అది ఒప్పుకోవాలి.

ఎయిడ్స్ వైరస్ మనిషికి వచ్చిందే వానర జాతి నుంచి. ఆఫ్రికాలో, కామెరూన్ ఆగ్నేయపు అడవుల్లో చింపాంజీలలో ఉండే వైరస్, వాటిని వేటాడి మాంసం కోసే మనుషులకు నెత్తురు ద్వారా అంటిందని శాస్త్రజ్ఞులు జన్యువులు పోల్చి చూసి తేల్చారు. 1985లో అమెరికాలోని ఒక పరిశోధన కేంద్రంలో రీసస్ కోతుల్లో ఇలాంటి వైరసే బయటపడింది. దాన్ని ఎస్‌ఐవీ అంటారు. చిత్రమేమిటంటే ఆఫ్రికాలో ఉండే సూటీ మాంగబే అనే కోతి ఈ వైరస్‌ను ఒంట్లో పెట్టుకునే ఏళ్ల తరబడి బతుకుతుంది, మామూలుగా దానికి జబ్బు చేయదు. ఆసియా కోతులకు సోకితే మాత్రం మనిషికి వచ్చినట్టే వస్తుంది. ఒంటికి కాపలా కాసే సీడీ4 కణాలు పడిపోతాయి. కోతి బక్కచిక్కి, దొరికిన ప్రతి జబ్బుకూ లొంగి చచ్చిపోతుంది.

ఆ పరిశోధనల్లో ఎక్కువగా వాడింది మన ఇండియా మూలం ఉన్న రీసస్ కోతినే. చైనా మూలం కోతుల కన్నా వీటిలో జబ్బు తొందరగా ముదురుతుంది, ఫలితం తొందరగా తెలుస్తుంది. మన కోతులు అమెరికాకు ఎట్లా పోయాయంటారా? పోలియో టీకా రోజుల్లో మనమే అమ్మాం. కొన్నేళ్లు ఏడాదికి లక్షకు మించి ఎగుమతి అయ్యాయి. వాటిని టీకాలకే కాకుండా సైన్యం చేసే రేడియేషన్ ప్రయోగాలకు కూడా వాడుతున్నారని తెలిసి గొడవ లేచింది. మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం 1978లో ఎగుమతి ఆపేసింది. అప్పటికే పోయినవాటి సంతతి అక్కడ బోనుల్లో పెరుగుతూనే ఉంది.

లాభం ఉందా అంటే ఉంది. చెల్లె మింగే గోళీలో టెనోఫోవిర్ అనే మందు ఉంది. 1995లో అమెరికాలో ఆ మందును కోతులకు ఇచ్చి ఎస్‌ఐవీ ఎక్కించారు. కొన్నిటికి వైరస్ కన్నా ముందు, కొన్నిటికి ఒక రోజు లోపల మందు పడింది. మందు పడ్డవాటికి వైరస్ అంటలేదు. మందు ఇవ్వనివాటికి అంటింది. రోగం రాకుండా ముందే వేసుకునే గోళీ అనే ఆలోచనకు అక్కడే బలం వచ్చింది. 2012లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. వైరస్ సోకిన మొదటి వారాల్లోనే పేగుల్లోని కాపలా కణాలను తుడిచిపెడుతుందని కూడా మొదట కోతుల్లోనే చూశారు. రోగం ముదిరేదాకా ఆగొద్దనే ఆలోచనకు ఇలాంటి సంగతులు తోడయ్యాయి. 2017 నుంచి మన దేశంలో కూడా వైరస్ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు ఇస్తున్నారు.

వృథా కూడా జరిగింది. వందకు పైగా చింపాంజీలకు మనిషి వైరస్ ఎక్కించి ఏళ్ల తరబడి బోనుల్లో ఉంచారు. ఒకటీ అరా తప్ప వాటికి ఎయిడ్స్ రానే లేదు. చింపాంజీల మీద చేసే ప్రయోగాలు చాలామటుకు అవసరం లేదని 2011లో అమెరికా నిపుణుల సంఘమే చెప్పింది. 2015లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వాటిని పూర్తిగా విరమించుకుంది. కోతుల్లో బాగా పనిచేసినట్టు కనిపించిన ఒక టీకాను 3,000 మంది మనుషుల మీద పరీక్షించారు. అది పనిచేయక 2007లో ఆపేశారు. ఎయిడ్స్‌కు మొట్టమొదటి మందు ఏజెడ్‌టీ 1987లో వచ్చింది. అది వైరస్ మీద పనిచేస్తుందని తేలింది కోతిలో కాదు, ప్రయోగశాలలోని కణాల్లో.

అంటే కొన్ని ప్రాణాలు పనికొచ్చాయి, కొన్ని ఊరికే పోయాయి. ఏది పనికొస్తుందో కోతికి ముందే తెలియదు. దాన్ని ఎవరూ అడగనూ లేదు.

తేలిక జవాబులు రెండు

తరగతిలో ఈ సంగతి ఎత్తితే ఒక రైతు తమ్ముడు నవ్వాడు. “కోతుల మీద జాలేందన్నా? మక్క చేను కంకి పట్టంగనే మంద దిగుతది. ఇంటి మీద పెంకులు ఉంచయి. అసొంటివి లక్ష పోయినా నష్టం లేదు” అన్నాడు. అతని కోపం నాకు తెలుసు, మా చేను కూడా తిన్నాయి. కానీ మనకు కోపం ఉన్నంత మాత్రాన దాని నొప్పి తగ్గదు కదా. తక్కువ ప్రాణం, ఎక్కువ ప్రాణం అని గీత గీసి, కింద ఉన్నదాన్ని ఏమైనా చేయొచ్చు అనే లెక్క మనకు కొత్త కాదు. ఆ లెక్కలో కింద గీతలో వేల ఏళ్లు కూర్చున్నది మనమే.

రెండో జవాబు దీనికి తలకిందులు. ప్రాణం ఎందుకు తీసినా పాపమే, అన్ని ప్రయోగాలూ ఆపేయాలి అంటుంది. వినడానికి శుద్ధంగా ఉంటుంది. కానీ కోతుల మీద వద్దంటే కొత్త మందును మొదట ఎవరి మీద చూస్తారు? ధనవంతుడి బిడ్డ మీద చూడరు. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు ఇది గుర్తుండాలి. 2009లో, మన బయ్యారం ఇంకా ఖమ్మం జిల్లాలో ఉన్నప్పుడు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను అదే జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు వేశారు. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు. అందులో ఆదివాసీ, దళిత హాస్టల్ పిల్లలు చాలామంది. ఎన్నోచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. గొడవయ్యాక 2010లో ఆపారు. ఆ తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణమనే ఆధారం లేదని విచారణ కమిటీ అన్నది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

నేను మన పిల్లలను కోతులతో పోల్చడం లేదు. ఆ పోలికతో మనల్ని అవమానించినవాళ్లు చాలు. నేను చెప్పేది ఒక్కటే. వద్దని అనలేనివాళ్ల దగ్గరికే ప్రయోగం నడుచుకుంటూ వస్తుంది. కాబట్టి కోతి తరఫున ఆలోచించడం మన తరఫున ఆలోచించడానికి అడ్డం కాదు.

ధమ్మం ఏమంటుంది?

పాణాతిపాత విరమణం మొదటి శీలం. శీలం తప్పినట్టు కావాలంటే ఐదు అంగాలు కూడాలని మన థేరవాద పెద్దలు చెప్పారు. ఎదుట ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని తెలియాలి. చంపాలనే చేతన ఉండాలి. ప్రయత్నం ఉండాలి. దానితో ప్రాణం పోవాలి. ఈ లెక్కన చెల్లె శీలం తప్పలేదు. ఆమె చేతన బతకడం, బిడ్డను బతికించడం. చంపడం కాదు.

ఇక్కడికి ఆగిపోవచ్చు. కానీ నాకే తృప్తి లేకపోయింది. జీవకుడు అనే వైద్యుడికి బుద్ధుడు చెప్పిన మాట ఉంది. తన కోసం చంపారని చూసినా, విన్నా, అనుమానం వచ్చినా భిక్షువు ఆ మాంసం తినకూడదు అని. మరి చెల్లె విన్నది కదా? ఆమె చెప్పి చేయించకపోయినా, ఆమెలాంటివాళ్ల కోసమే కదా చేశారు?

నాకు దారి చూపింది బాబాసాహెబ్. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ ఆయన పోయిన తర్వాత 1957లో అచ్చయింది. అందులో ఆయన అహింసను నియమంగా కాకుండా సూత్రంగా చూడమంటారు. నియమం కాళ్లు కట్టేస్తుంది. సూత్రం ఆలోచించమంటుంది. చంపాలనే ఇచ్ఛ వేరు, చంపక తప్పని అవసరం వేరు, బుద్ధుడు కాదన్నది ఇచ్ఛను అని ఆయన వివరణ. యజ్ఞంలో పశువులను కోసే వైదికుడి దారిలో ఇచ్ఛ ఉంది. ఏ ప్రాణినీ ఎన్నడూ చంపనే కూడదనే జైనుల దారి రెండో కొస. బుద్ధుడిది మధ్య దారి. కూటదంతుడి కథలో వందల పశువులను యజ్ఞం కట్ట నుంచి విడిపించింది ఈ ఆలోచనే.

అయితే మిత్రులారా, ఈ మాటను సులువుగా వాడుకోవద్దు. అవసరం అనే మాట అందరికీ చేతికి దొరుకుతుంది. యజ్ఞం చేసినవాడు కూడా లోకక్షేమం కోసమే అన్నాడు. కాబట్టి ప్రతిసారీ అడగాలి. ఈ సంగతి వేరే దారిలో తెలియదా? కణాల మీద, కంప్యూటర్ మీద, ఒప్పుకున్న మనుషుల మీద తెలిసేదైతే కోతి అక్కర్లేదు. ఎన్ని ప్రాణాలు కావాలి, వాటికి నొప్పి ఎంత తగ్గించగలం? ఫలితం ఎవరికి చేరుతుంది? కొనగలిగినవాళ్లకే అయితే అది అవసరం కాదు, వ్యాపారం.

ఇందులో మొదటి రెండూ శాస్త్రజ్ఞులకూ తెలుసు. వీలైతే జంతువు బదులు వేరేది వాడు, సంఖ్య తగ్గించు, బాధ తగ్గించు అని 1959లోనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులు పుస్తకం రాశారు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఒక కమిటీ ఉంది. ప్రయోగం అయ్యాక బతికున్న జంతువుకు పునరావాసం ఇవ్వాలని అది నాలుగో మాట కలిపింది. మంచి మాట. అడిగేవాళ్లుంటేనే అమలవుతుంది.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ మనలో చాలామంది వేసుకున్నాం. 2020లో దాన్ని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. ఐదేసి చొప్పున నాలుగు గుంపులు. ఒక గుంపుకు టీకా లేకుండానే వైరస్ ఎక్కించారు. ఆ కోతులను పట్టుకొచ్చింది నాగపూర్ వైపు అడవుల నుంచి. నాగపూర్ అంటే మనకు దీక్షాభూమి. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షల మందితో మొదటి శీలం చెప్పించిన నేల. టీకా వేసుకున్న రోజు ఆ కోతుల సంగతి నాకు తెలియదు. ఇప్పుడు అటు పోయినప్పుడల్లా గుర్తొస్తుంది.

చెల్లెకు చెప్పిన జవాబు

తర్వాతి ఆదివారం ఆమెకు ఇట్లా చెప్పాను. “చెల్లె, నువ్వు శీలం తప్పలేదు. గోళీ వేసుకో, ఒక్క పూట కూడా తప్పకు. ఆ ప్రాణం పోయింది నువ్వు బతకాలనే. నువ్వు బతకకపోతే అది ఊరికే పోయినట్టు.”

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా అంది. “నేనైతే ఏసుకుంట అన్నా. పోయిన్నెల పెండ్లిల నాకు వేరే గిలాస పెట్టిండ్రు. గదేంది మరి?”

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. కోతి ప్రాణం తీసింది అవసరమని మనం అన్నాం. ఎవరి అవసరం? ఈమెది. ఈమె పదిమందిలో ఒకతెగా బతకాలి. గోళీ సరిగ్గా వేసుకొని వైరస్ పరీక్షలో కనిపించనంతగా తగ్గితే, భార్యాభర్తల మధ్య కూడా అది అంటదు. ఇక గిలాసతో, కంచంతో అంటడమనేది ఎన్నడూ లేదు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం వివక్ష చూపకూడదంటోంది. అయినా వేరే గిలాస పెట్టారు. పెట్టింది ఎవరో కాదు, మనవాళ్లే. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన తండ్రుల బిడ్డలే.

ఆమె బతుకు కోసమని ప్రాణాలు తీసుకొని, బతికిన ఆమెను పంక్తి నుంచి లేపితే, ఆ అవసరం అబద్ధమవుతుంది. అవసరం పోతే మిగిలేది ఇచ్ఛ. అప్పుడు మొదటి శీలం తప్పింది ఆమె కాదు, మనం.

కాబట్టి ఈ పుస్తకం మూసేముందు మూడు పనులు అనుకోండి. మీ ఊళ్లో ఏఆర్‌టీ గోళీ వేసుకునేవాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చొని తినండి. గోళీ ఆపాలనుకునేవాళ్లకు ధైర్యం చెప్పి కేంద్రానికి వెంట పోండి. ఊళ్లో ఏ టీకా, ఏ ప్రయోగం పేరుతో ఎవరొచ్చినా, కాగితం చదివి వినిపించమనండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి. నోరున్న మనం అడగడం నేర్చుకుంటే, నోరు లేనిదాని తరఫున అడగడం కూడా వస్తుంది.

మా తరగతిలో ఇప్పుడు మైత్రీ భావన చేసేటప్పుడు ఒక నిమిషం ఆ కోతుల కోసం కూడా కూర్చుంటున్నాం. రైతు తమ్ముడు మొదట నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు. తరగతి అయ్యాక అందరం ఒకే చెంబు నీళ్లు తాగుతాం. నీళ్లు పోసేది ఆ చెల్లెనే.

నమో బుద్ధాయ. జై భీమ్.