కనరాని నాణెము – కాయక ధర్మము

వీరశైవ ధర్మము ధనమును ద్వేషింపలేదు. బసవేశ్వరుడు కళ్యాణనగరమున బిజ్జలుని కొలువులో భాండాగారికుడై ధనము నడుమనే దినములు గడిపెను. సంసారమును వీడి అడవికేగినవారే తరింతురని శరణులు బోధింపలేదు. బట్టలుదుకుచు మడివాళ మాచయ్య, పడవ నడుపుచు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేనుచు నులియ చందయ్య శివుని చేరవచ్చునని తమ జీవితములతోనే చూపిరి. అయితే వారు ధనమును రెండు చోట్ల నిలిపి ప్రశ్నించిరి. అది చేతికి వచ్చిన త్రోవ యేది? చేతినుండి పోవు త్రోవ యేది? మొదటి ప్రశ్నకు కాయకము సమాధానము. రెండవదానికి దాసోహము సమాధానము.

నేడు మన యిండ్లలో ప్రవేశించుచున్న ఒక క్రొత్త ధనమునకు ఈ రెండు ప్రశ్నలను వేసి చూడవలసియున్నది. దానిని క్రిప్టోకరెన్సీ అందురు. పెద్దలలో పలువురు ఆ పేరు వినినంతనే జూదమని త్రోసివేయుచున్నారు. యువకులలో పలువురు అదేమో తెలియకయే అందు సొమ్ము పోయుచున్నారు. తెలియనిదానిని నిందించుటయు, తెలియనిదానిని నమ్ముటయు వివేకము కాదు. కావున ఓనమాలు దిద్దు బాలునివలె మొదట ఆ వస్తువేమో తెలిసికొని, పిదప దాని ధర్మాధర్మములను విచారింతము.

నాణెము స్వరూపము

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను పేరుతో తొమ్మిది పుటల పత్రమొకటి ఇంటర్‌నెట్టులో వెలువడెను. ఆ పేరు వెనుక నున్నది ఒక్కరో, పలువురో నేటికిని లోకమునకు నిశ్చయముగా తెలియదు. బ్యాంకు నడుమ లేకుండ ఒకరినుండి మరియొకరికి నేరుగా ధనము పంపుకొను విధానమును ఆ పత్రము వివరించెను. 2009 జనవరి 3న అది ఆచరణలోనికి వచ్చెను. అదియే బిట్‌కాయిన్. తరువాత ఇట్టివి వేలకొలది పుట్టినవి. 2015లో వచ్చిన ఇథీరియమ్ వానిలో ముఖ్యమైనది.

దీనిని నాణెమనుచున్నారే కాని చేతితో పట్టుకొనుటకు అందేమియు లేదు. ఉన్నది లెక్క మాత్రమే. మన వర్తకులు చిట్టా ఆవర్జాలు వ్రాయుట మనమెరుగుదుము. ఆ పుస్తకము ఒక్కరి చేతిలో నుండును. వారు నిజాయతీపరులైనచో లెక్క నిజము, కానిచో అబద్ధము. ఇప్పుడు ఊరిలోని ప్రతి యింటను అదే చిట్టా ప్రతి యొకటి యున్నదనుకొనుడు. ఎవరు ఎవరికి ఎంత యిచ్చినను అన్ని ప్రతులలోను ఎక్కును. పైగా ప్రతి పుట మీదను వెనుకటి పుటనుండి గణించిన గురుతొకటి యుండును. వెనుకటి పుటలో ఒక్క అంకెను దిద్దినను ఆ తరువాతి పుటల గురుతులన్నియు తప్పిపోవును. మోసము వెంటనే బయటపడును. ఇంతటి చిట్టాను ప్రపంచమందలి వేలాది కంప్యూటర్లు కలిసి మోయుచున్నవి. దానికే బ్లాక్‌చెయిన్ అని పేరు.

క్రొత్త పుటను వ్రాయు హక్కు ఎవరిది? బిట్‌కాయిన్ విషయమున కంప్యూటర్లన్నియు ఒక కఠినమైన లెక్కకు సరిపడు అంకెకై పోటీపడి వెదకును. ముందుగా కనుగొన్నవారు పుట వ్రాయుదురు. ప్రతిఫలముగా క్రొత్త నాణెములు పొందుదురు. సుమారు 10 నిమిషములకొక పుట తయారగును. దీనినే మైనింగు, అనగా గని త్రవ్వుట, అందురు. 2024 ఏప్రిలు నుండి ఈ ప్రతిఫలము పుటకు 3.125 నాణెములు. సుమారు నాలుగేండ్లకొకసారి ఇది సగమగును. మొత్తము మీద 2 కోట్ల 10 లక్షల నాణెములకు మించి పుట్టరాదని నియమము.

ఇక విలువ మాట. 2010 మే 22న అమెరికాలో ఒకడు రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు చెల్లించెను. 2021 నవంబరులో ఒక్క నాణెము ధర సుమారు 69,000 డాలర్లకు ఎక్కెను. సరిగా ఏడాదికి, 2022 నవంబరులో, 16,000 డాలర్లకు దిగెను. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటెను. నాణెము మారలేదు, చిట్టా మారలేదు. మారినది కొనువారి మనస్సు మాత్రమే.

శ్రమ యున్నంతనే కాయకమగునా?

ఈ పుటలు వ్రాయు పద్ధతికి ‘పనికి రుజువు’ అను పేరు గలదు. యంత్రము పని చేసినదని, విద్యుత్తు నిజముగా ఖర్చయినదని రుజువు చూపనిదే పుట చెల్లదు. ఇదియు కాయకమే కదా యని ఎవరైన అనవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఊరికి కావలి కాయువాడు పంట పండింపడు, గుడ్డ నేయడు. అయినను అతనిది కాయకమే. చిట్టాను దొంగలనుండి కాపాడు యంత్రమునకును అట్టి స్థానమును కొంతవరకు ఇయ్యవచ్చును. తమ దేశపు ద్రవ్యము నానాటికి విలువ కోల్పోవుచుండ నిస్సహాయులైన ప్రజలకు ఇట్టి చిట్టా వలన ఉపయోగమున్నదనియు ఒప్పుకొనవలెను.

కాని శరణులు చెప్పిన కాయకము వట్టి శ్రమ కాదు. శ్రమలో సత్యము, శుద్ధి రెండును ఉండవలెను. ఆ శ్రమ వలన ఇతరుని అక్కర తీరవలెను. చందయ్య పేనిన త్రాడు ఒక రైతు ఎద్దును కట్టెను. చౌడయ్య నడిపిన పడవ ఒక బాటసారిని ఒడ్డు చేర్చెను. కోట్ల అంకెలను వెదకి ఒక్కటి తప్ప తక్కినవన్నియు పారవేయు యంత్రములకు వెచ్చించు విద్యుత్తు, అది తీర్చు అక్కరకు తగినంతయేనా యని అడుగవలసియున్నది. ఇథీరియమ్ నిర్వాహకులే ఈ ప్రశ్నను విని 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకొనిరి. విద్యుత్తు ఖర్చు నూటికి 99 పాళ్ళకు పైగా తగ్గెను. అయితే ఆ క్రొత్త పద్ధతిలో తమ నాణెములను పూచీగా పెట్టినవారికే పుట వ్రాయు హక్కు లభించును. అక్కడ శ్రమ స్థానమును ధనమే ఆక్రమించెను.

మనలో ఎక్కువమందికి ఈ గని త్రవ్వకముతో పని లేదు. మనవారు చేయునది కొనుట, ధర పెరుగువరకు వేచియుండుట, అమ్ముట. కావున అసలు విచారింపవలసినది ఆ లాభము ఎక్కడినుండి వచ్చుచున్నదను విషయము. పొలము కొన్నవానికి పంట వచ్చును. ఇల్లు కొన్నవానికి అద్దె వచ్చును. కర్మాగారమున వాటా కొన్నవానికి అది తయారుచేసిన వస్తువుల లాభములో భాగము రావచ్చును. బిట్‌కాయిన్ పంట పండదు, అద్దె తేదు, వస్తువును తయారుచేయదు. తరువాత కొనువాడు నాకంటె ఎక్కువ యిచ్చిననే నాకు లాభము. బంగారమును దాచి ధరకై ఎదురుచూచువాని స్థితియు ఇంచుమించు ఇదియే. కాని బంగారము కనీసము బిడ్డ మెడలో గొలుసైన కాగలదు.

మారయ్య బియ్యము

నాయొద్ద చదువుకొని నేడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న యువకుడొకడు నన్నిట్లు అడిగెను: “మాస్టారూ, నేనెవరిని మోసగింపలేదు. ఎవరి సొమ్మును దొంగిలింపలేదు. ధర తగ్గినప్పుడు కొంటిని, పెరిగినప్పుడు అమ్మితిని, పన్ను కట్టితిని. ఇందు అధర్మమేమి?”

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి ఉపన్యాసముకంటె ఆయ్దక్కి మారయ్య చరిత్రయే తగిన సమాధానము. ‘ఆయ్దక్కి’ యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, భార్య లక్కమ్మ వండగా జంగములకు పెట్టి మిగిలినది తాము తినుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని మెచ్చుకొనలేదు. ఈ ఆశ ఎక్కడినుండి పుట్టినదని నిలదీసి, ఎక్కువైన బియ్యమును మరల అక్కడనే పోసి రమ్మని పంపెను.

ఆలోచింపుడు. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు. దానివలన ఎవరికిని నష్టము కలుగలేదు. చట్టము దృష్టిలో మారయ్య నిర్దోషి. అయినను లక్కమ్మ అంగీకరింపలేదు. ఆమె చూచినది బియ్యమును కాదు, చేయి చాచిన మనస్సును.

కావున ఆ యువకునికి నేనిట్లు చెప్పితిని: “నాయనా, నీవు చేసినది దొంగతనము కాదు. కాని దానిని కాయకమనకుము. పాపము కానిదంతయు కాయకము కాదు. నీ లాభము ఎక్కువ ధరకు కొన్న ఎవని జేబునుండియో వచ్చినది. ధర పడినచో ఆ నష్టమును మోయువాడు వాడే. వాడును నీవంటి యింటి బిడ్డడే.” మరియొక ప్రశ్నయు వేసితిని: “రాత్రి నిద్ర పట్టుచున్నదా?” అతడు తల వంచుకొనెను. తక్కిన బజారులకు మూయు వేళ యున్నది; క్రిప్టో బజారునకు రాత్రి లేదు, సెలవు లేదు. నిద్రలో లేచి ధర చూచుట, పూజకు కూర్చుండియు ధరను తలచుట అతనికి అలవాటైనది. వామహస్తమున ఇష్టలింగము నుంచుకొని దృష్టిని నిలుపవలసిన వేళ, దృష్టి అంతయు కుడిచేతిలోని ఫోనుపై నిలిచెను. అతడు కోల్పోయిన ఈ ధనము ఏ చిట్టాలోను ఎక్కదు.

క్రొత్తగా నేర్చుకొనువారికి

నేర్చుకొనుటలో దోషము లేదు; నేర్చుకొనకుండుటయే నేడు ప్రమాదము. మొదట తెలియవలసినది తాళపుచెవి మాట. నీ నాణెమును కదిలించు అధికారము ఒక రహస్య సంఖ్యలో నుండును. దానిని సాధారణముగా 12 లేక 24 ఆంగ్ల పదముల వరుసగా వ్రాసి దాచుకొందురు. ఆ వరుసను పోగొట్టుకొన్నచో తెరచి యిచ్చు బ్యాంకు మేనేజరు లేడు. ఇతరునికి చెప్పినచో సొమ్ము వానిది. దానిని అడుగువాడు, ఎవడైనను, దొంగయే. వ్యాపార వేదికల చేతికి సొమ్మప్పగించినచో తాళపుచెవి వారియొద్ద నుండును. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అను పెద్ద వేదిక కూలిపోయెను. ఖాతాదారుల సొమ్మును వాడుకొన్న దాని స్థాపకునికి 2024 మార్చిలో 25 ఏండ్ల కారాగార శిక్ష పడెను. మన దేశపు వజీర్‌ఎక్స్ వేదికనుండి 2024 జూలైలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములను దొంగలు అపహరించిరి.

రెండవది చట్టము. 2018 ఏప్రిలులో రిజర్వు బ్యాంకు విధించిన నిషేధమును 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసెను. కావున కొనుట, అమ్ముట నేరము కాదు. అయినను అది రూపాయివలె చట్టబద్ధమైన ద్రవ్యమును కాదు. 2022 ఏప్రిలు 1 నుండి లాభముపై నూటికి 30 వంతుల పన్ను విధించిరి. ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొక నాణెపు లాభమునుండి తగ్గించుకొన వీలు లేదు. 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రయోగముగా ప్రజల చేతికిచ్చిన డిజిటల్ రూపాయి వేరు, ఇది వేరు.

మూడవది వాగ్దానముల మాట. నెలకు ఇంత నిశ్చయమని చెప్పువాడు అబద్ధమాడుచున్నాడు. గెయిన్ బిట్‌కాయిన్ అను పథకము నెలకు నూటికి 10 చొప్పున 18 నెలలు ఇత్తునని చెప్పి మన దేశమున వేలాదిమందిని ముంచెను. వన్‌కాయిన్ అను దానికి నిజమైన బ్లాక్‌చెయినే లేదు. దాని నాయకురాలు 2017లో అదృశ్యమయ్యెను. ఇట్టి పథకములు సాధారణముగా బంధువు ద్వారా, తోటి భక్తుని ద్వారా మన గడపనెక్కును. విభూతి ధరించిన నుదురును చూచి పథకమును నమ్మరాదు.

ఇన్ని తెలిసినపిదపను ఎవరైన కొనదలచినచో, పోయినను ఇల్లాలి కంట నీరు రాని సొమ్ముతో మాత్రమే కొనవలెను. చెల్లెలి పెండ్లికై దాచినదానిని, తండ్రి పదవీ విరమణ సొమ్మును, అప్పు తెచ్చిన సొమ్మును అందు పోయరాదు. అవి నీవి కావు. నీ చేతిలో నుంచిన నమ్మకములు.

మఠములకు ఒక మనవి

మఠముల నిధి దాసోహ నిధి. కూలివాడు ఇచ్చిన రూపాయియు, రైతు ఇచ్చిన ధాన్యమును అందు చేరియుండును. దానిని పెరుగు తరుగుల పోటున విడుచుటకు మఠాధిపతులకైనను, కమిటీవారికైనను అధికారము లేదు. తన క్రిప్టో లాభములో కొంత సమర్పింతునని భక్తుడు వచ్చినచో, అది చట్టము ననుసరించి రూపాయలుగా మారి, పన్ను చెల్లి, దాత పేరుతో లెక్కకు ఎక్కవలెను. అంతకంటె ముఖ్యముగా దాతకు ఒక మాట చెప్పవలెను. దాసోహము మలినమైన సొమ్మును ఉదికి శుభ్రపరచు రేవు కాదు. కాయకము శుద్ధమైనప్పుడే దాసోహమునకు అర్థము కలుగును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఒక వృత్తాంతమును చెప్పియున్నాడు. బసవన్న రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిరి. బసవన్న కోపింపలేదు. పెట్టెలు తెరపించి పదిమంది యెదుట లెక్కింపించెను. ఒక్క మాడయు తక్కువ కాలేదు. నేటి కంప్యూటరు చిట్టాయు పదిమంది యెదుట తెరచియున్నదే. అందుకు దానిని మెచ్చుకొందము. కాని ఏ నాణెము ఎచ్చట నున్నదో ఆ చిట్టా చెప్పగలదు, అది ఎట్లు ఆర్జింపబడినదో చెప్పజాలదు. బసవన్న లెక్క వెనుక జవాబు చెప్పుటకు బసవన్న నిలిచెను. మన ఆర్జన వెనుక జవాబు చెప్పవలసినవారము మనమే.

కావున తల్లిదండ్రులు ఈ విషయమును బిడ్డలతో కోపింపక చర్చింతురుగాక. యువకులు కొనకమునుపు నేర్తురుగాక. నేర్చినపిదప ఒకసారి లక్కమ్మను తలతురుగాక. సత్యశుద్ధమైన కాయకమునందు మన చేతులను, లింగమునందు మన దృష్టిని బసవేశ్వరుడు నిలుపుగాక!